గార్డు సీటు

వీధి వైపు గది,
ఆదివారం మధ్యాహ్నం

గౌరవనీయులైన వియ్యంకులు, విశ్రాంత రైలు డ్రైవరుగారికి,

నమస్కారాలు. నేను క్షేమం. మీరూ చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి విషయానికి వస్తాను.

మీ అమ్మాయి నా దగ్గర్నుంచి కారు తాళాలు తీసేసుకుంది.

అరవలేదు. పల్లెత్తు మాట అనలేదు. మేకుకున్న తాళాలు తీసి చేతిసంచిలో వేసుకుని, జిప్పు లాగి, "కాఫీ తాగుతారా మామయ్యా?" అంది. ఆ జిప్పు చప్పుడు నా చెవికి కూడా వినబడిందంటే ఎంత గట్టిగా లాగిందో మీరే ఊహించుకోండి. మావాడికి సరిగ్గా అప్పుడే మొక్కలకి నీళ్ళు పోయాలని గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళాడు. బయట వాన పడుతోంది.

ఫోనులో మీరు ఆమెకి గట్టిగా చెప్పాలి. నాకు ఫోను పనికిరాదని మీకు తెలుసు. మీ ఇంజను కూతలూ నా బ్రేకు వాను మోతా కలిసి నా చెవుల్ని తినేశాయి. చెవి మిషను పెట్టుకున్నా ఫోనులో మనుషుల మాటలు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుంటాయి. అందుకే ఈ ఉత్తరం.

సంగతి ఇది. మన మనవరాలు బుడంకాయని రోజూ సాయంత్రం క్రెష్ నుంచి ఇంటికి తెచ్చేది నేను. కొలువంతా మీ బండి చివరి పెట్టెలో గార్డుగా వేలాడి, రిటైరయ్యాక పట్టుబట్టి కారు నేర్చుకున్నది ఇలాంటి పని కోసమే కదా. కారు వెనక సీటు మీద పిల్లకి ఒక చిన్న సీటు బిగించారు. అది ముందుకి కాదు, వెనక్కి తిరిగి ఉంటుంది. బండి తూర్పుకి పోతుంటే పిల్ల మొహం పడమటికి. నా వీపు దానికి, దాని వీపు నాకు. ఏడాదిన్నర పిల్ల, కాళ్ళు చాపుకునే చోటు లేక సన్యాసిలా మఠం వేసుక్కూర్చుంటుంది. నేను చదివిన చరిత్రల్లో నేరస్థుల్ని గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగించేవారు. ఈ పిల్ల చేసిన నేరమేమిటి?

అసలు బాధ అది కూడా కాదు. క్రెష్ గేటు దాటింది మొదలు మా వీధి మలుపు దాకా అది "తాతా! తాతా!" అని పిలుస్తూనే ఉంటుంది. "ఇక్కడే ఉన్నానమ్మా" అంటాను. మళ్ళీ "తాతా!" నా మొహం కనబడక పిలుస్తోంది. మీరు ఎప్పుడూ ముందుకే చూసిన మనిషి, మీకు అర్థం కాదు.

ఈ పరిస్థితుల్లో మొన్న గురువారం ఆ సీటు ముందుకి తిరిగింది. దానికే ఈ రాద్ధాంతం.

కన్నతండ్రి మాట వింటుంది. చెప్పండి.

ఇట్లు,
మీ వియ్యంకుడు


వంటింటి బల్ల,
బుధవారం

బావగారికి,

మీ ఉత్తరం మీ చెల్లెమ్మ పైకి చదువుతుంటే నేను బంగాళాదుంపల తొక్క తీస్తూ విన్నాను. "గౌరవనీయులైన" దగ్గరే అంది, "అన్నయ్య బాగా ఉడికిపోతున్నాడండీ" అని. పిల్లల పెళ్ళికి ముందు మనిద్దరం "ఒరే" తప్ప ఇంకో పిలుపు ఎరగం. పెళ్ళయ్యాక ఆడవాళ్ళిద్దరూ కలిసి మనకి "బావగారూ" నేర్పారు. ఆ మహాతల్లి మీ ఆవిడ పోయినా ఆ నేర్పిన మర్యాద మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మీరు దాన్ని కర్రలా వాడుతున్నారు.

ఒకటి అడుగుతాను. "సీటు తిరిగింది" అని రాశారు. పట్టా కూడా ఎవరో ఒకరు మీట లాగితేనే మారుతుంది. సీటు తిరిగిందా, తిప్పారా?

అమ్మాయితో మాట్లాడాను. తను అన్నది అన్నట్టు రాస్తున్నాను. "మామయ్య మీద కోపం లేదు నాన్నా. కానీ చెప్పకుండా చేశారు. రేపట్నుంచి సాయంత్రం నాలుగు కొట్టగానే ఆఫీసులో నా గుండె దడదడలాడితే నేనేం పని చేసుకోను?"

తాళాలు ఇవ్వమని నేను చెప్పలేదు. చెప్పను కూడా.

బుడంకాయ అని ఎందుకు పిలుస్తారు దాన్ని? అది మా ఇంజనమ్మ.

మీ బావ


వీధి వైపు గది,
ఆదివారం

అయ్యా,

తిప్పాను. సరేనా? నా చేతులతో నేనే తిప్పాను. ఏడాది నిండితే తిప్పేయొచ్చని ఎదురింటి ఆడిటరుగారు చెప్పారు. ఆయన చెప్పేదంతా ఆయన పిల్లలు చిన్నప్పటి సంగతి. ఆ పిల్లలకిప్పుడు బట్టతలలు. అయినా చదువుకున్న మనిషి కదా అని నమ్మాను.

మీరు మాత్రం బ్రేకుల గురించీ భద్రత గురించీ నాకు పాఠాలు చెప్పొద్దు. నా ముందు పన్ను ఊడింది ఎవరి బ్రేకుకో మీకు గుర్తు లేకపోవచ్చు, నాకు అద్దం చూసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది. నా కొలువంతా మీ వెనకే గడిచింది. మీరు వచ్చేది చూశారు, నేను పోయేది చూశాను. స్టేషన్లో జనం ఇంజను చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని ముందుకి పరిగెత్తేవారు. గార్డు పెట్టెని చూపించడానికి పిల్లని తెచ్చిన తండ్రి నాకు ఒక్కడు కూడా తగల్లేదు. మీకు దండలు వేసి పంపించారు. నేను రిటైరయిన రోజున పైఅధికారి నా పేరు బదులు మీ పేరు చదివాడు. మీరు పక్కనే నిలబడి నవ్వారు. మర్చిపోయాననుకోకండి.

ఇప్పుడు స్టీరింగు నా చేతిలో ఉంది. నాకున్నది ఒకే ఒక్క ప్రయాణికురాలు. అది కూడా పెడమొహం పెట్టుకుని కూర్చోవాలా?

ఆ గురువారం సంగతి అడుగుతారేమో, నేనే చెబుతాను. బ్రహ్మాండంగా జరిగింది. ముందుకి తిప్పి కూర్చోబెట్టాక ఒక్కసారి కూడా "తాతా" అనలేదు. తృప్తి పడిందన్నమాట. కాసేపటికి నిద్రపోయింది. నిద్రలో తల ముందుకి వాలిపోయి గడ్డం గుండెకి ఆనింది. మలుపు దగ్గర మామూలుగా బ్రేకు వేసినా ఆ తల ఊగిసలాడింది. మిగతా దారి అద్దంలో దాన్ని చూసుకుంటూ, ఎడ్లబండిలా నడిపాను. వెనక వాళ్ళు హారన్లు కొట్టి తిట్టారు.

ఈ నిద్ర సంగతి మీ అమ్మాయికి చెప్పకండి.

ఇట్లు


వంటింటి బల్ల,
గురువారం

ఒరే గార్డూ,

బావగారు కాసేపు పక్కకి వెళ్ళాడనుకో. నీతో పాతరకంగా మాట్లాడాలి.

నీ పన్ను నాకు గుర్తుంది. ఆ రోజు పట్టాల మీదకి గేదె వచ్చింది. నేను బ్రేకు వేసేటప్పటికి నువ్వు పెట్టెలో నిలబడి, ఇంజను వైపుకి తిరిగి, నేను బండి మెల్లగా నడుపుతున్నానని నన్ను తిట్టుకుంటున్నావు. ఈ తిట్టుకోవడం నువ్వే చెప్పావు. ముందుకి తూలి ఇనుప కమ్మీకి మొహం కొట్టుకున్నావు.

మరి చెట్టు పడ్డ రోజు గుర్తుందా? గాలివాన మర్నాడు, వంపు తిరగ్గానే పట్టాలకి అడ్డంగా చెట్టు. ఆ రోజు నేను వేసిన బ్రేకు ముందు గేదె రోజు బ్రేకు లెక్కలోకే రాదు. నా సహాయకుడికి భుజం ఎముక విరిగింది. నేను పట్టాల వెంట పరిగెత్తుకుంటూ నీ పెట్టె దగ్గరికొచ్చాను, ఏ స్థితిలో కనిపిస్తావోనని. నువ్వు నీ బల్ల మీద వెనక్కి తిరిగి, ముందు గోడకి వీపు ఆనించి కూర్చుని పుస్తకం చదువుతున్నావు. తలెత్తి ఏమన్నావో తెలుసా? "ఏంట్రా ఆపావు, పేజీ తప్పిపోయింది" అన్నావు.

నీ వీపంతటినీ, తలనీ ఆ గోడ పట్టుకుంది కాబట్టి నీకేం కాలేదు. మనకి ఇంత లావు మెడలుండీ ఇలా ఉంటే, ఆ పిల్లకి ఒంటికి మించిన తల, కింద పుల్లలాంటి మెడ. దాని వెనక గోడ ఉండాలా వద్దా? నిద్రపోతే ఆ తల ఊగిందని నువ్వే రాశావు. నిన్ను వణికించింది అదే. అందుకే ఎడ్లబండిలా నడిపావు. నేను అమ్మాయికి చెప్పలేదులే.

ఇంకో మాట. కోప్పడతావు. కాళ్ళు, గాడిద, ఊరేగింపు ఇవన్నీ పైపై కబుర్లు. నువ్వు బండి నడుపుతుంటే అది చూడాలి. అంతే కదా నీ కోరిక? తప్పేం లేదు. కానీ దానికి తొందరెందుకు? నీ తల ఎక్కడికీ పోదు.

నీ డ్రైవరు


పెరటి అరుగు,
శనివారం సాయంత్రం

బావగారికి,

మీ ఉత్తరం అందింది.

నిన్న పొద్దున్నే నేనే కారు దగ్గరికెళ్ళి సీటు మళ్ళీ వెనక్కి తిప్పాను. తిప్పడం వచ్చింది కానీ బెల్టు ఏ కన్నంలోంచి దూర్చాలో అంతుపట్టలేదు. లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివే జబ్బున్నవాణ్ణి, ఆ సీటు మీద అంటించిన కాగితం మాత్రం ఇన్నాళ్ళూ చదవలేదు. వంగి చదువుతుంటే నడుం పట్టేసింది. అలా సగం లోపల, సగం బయట ఉండగా మీ అమ్మాయి వచ్చింది. నవ్వితే ఊరుకునేవాణ్ణి కాదు. నవ్వలేదు. అటు తలుపు తీసి లోపలికొచ్చి మోకాలు సీటు మీద ఆనించి, "ఇప్పుడు లాగండి మామయ్యా" అంది. లాగాను. "ఇంకా." లాగాను. "ఊపి చూడండి." కదల్లేదు. రాయిలా కూర్చుంది.

తర్వాత బుడంకాయని కూర్చోబెట్టి, దాని నడినెత్తికీ సీటు పై అంచుకీ మధ్య నా వేళ్ళు పెట్టించింది. నాలుగు వేళ్ళూ పట్టాయి. "రెండు వేళ్ళ సందు కూడా లేనప్పుడు తిప్పుదాం. ఈలోగా ఈ కాగితం మీదున్న బరువు దాటితే అప్పుడు తిప్పుదాం. ఏడాదా రెండేళ్ళా అని పుట్టినరోజు చూసి కాదు" అంది. మరి కాళ్ళో అన్నాను. "అది మఠం వేసుకుని మహారాణిలా ఉంది. కాళ్ళ బెంగంతా మనకే" అంది.

తాళాలు మేకుకి తగిలించింది. నేను చూడనట్టు నటించాను. ఆమె నేను చూడలేదని నమ్మినట్టు నటించింది. మీ పెంపకం అంత చెడ్డదేం కాదు.

కానీ బావగారూ, దారి పొడుగునా ఆ పిలుపు మళ్ళీ మొదలైంది. "తాతా! తాతా!" ఆ మెడ కోసం గుండె రాయి చేసుకుని నడుపుతున్నాను.

చెట్టు పడ్డ రోజు నేను చదువుతున్న పుస్తకం మీకు తిరిగి ఇవ్వలేదనుకుంటాను. అది మీదే.

ఇట్లు,
మీ బావ


వంటింటి బల్ల,
మంగళవారం

ఒరే గార్డూ,

నిన్ననే క్షేమంగా ఇల్లు చేరాం. మీ ఇంట్లో ఉన్న ఆ వారం రోజులూ బాగా గడిచాయి. మీ చెల్లెమ్మ ఇంకా నీ బల్ల మీద పుస్తకాల దుమ్ము గురించే మాట్లాడుతోంది.

ఒక సంగతి అక్కడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. బండెక్కాక మీ చెల్లెమ్మని అడిగితే "చెప్పకండి, పాపం అన్నయ్య ఆ పిలుపు మీదే బతుకుతున్నాడు" అంది. రాత్రంతా ఆలోచించాను. నీకు అబద్ధం కన్నా నిజమే ఇష్టం. అది చేదుగా ఉంటే మరీ ఇష్టం. అందుకని రాస్తున్నాను.

శుక్రవారం క్రెష్ నుంచి వచ్చేటప్పుడు నేను వెనక ఇంజనమ్మ పక్కన కూర్చున్నాను కదా. నువ్వు ముందు నడుపుతున్నావు. అది మొదట గేటు దగ్గర ఆయమ్మకి చెయ్యి ఊపింది. తర్వాత కుక్కకి. తర్వాత రంగులేస్తున్న మనిషికి, అతని నిచ్చెనకి, మన వెనక వస్తున్న పాలవానుకి. పాలవాను అతను తిరిగి చెయ్యి ఊపితే ఇది కాళ్ళు కొట్టుకుంటూ నవ్వింది. ఊపిన ప్రతిసారీ ఒకటే మాట.

"తాతా" కాదురా. "టాటా".

వెనకద్దంలోంచి పోయే ప్రతిదానికీ టాటా చెబుతోంది. నువ్వేమో ముందు నుంచి ప్రతిసారీ "ఇక్కడే ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అంటున్నావు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

అది బెంగతో లేదు. నీ మొహం కోసం ఏడవడం లేదు. దానికి నువ్వు ముందున్నావని తెలుసు. ఆ ధీమాతోనే హాయిగా వెనక్కి చూస్తోంది. నువ్వు ముందుకి తిప్పిన గురువారం ఒక్కసారి కూడా పిలవలేదన్నావు చూడు, టాటా చెప్పడానికి దానికి ఏమీ కనబడలేదు, అంతే.

ఇంకోటి కూడా చెప్పాలి. నువ్వు బ్రేకు బాగా వేస్తావు. నా పక్కన కాఫీ గ్లాసు పెట్టుకున్నా తొణకదు. నా బండిలో నిన్ను ఎన్నాళ్ళు కుదిపానో నాకు ఆ శుక్రవారం తెలిసింది.

నీ డ్రైవరు


వీధి వైపు గది,
సోమవారం

విశ్రాంత డ్రైవరుగారికి,

మీరు రాసింది అబద్ధం. పాలవాను తప్ప మిగతా అంతా కల్పన.

ఇట్లు

అదే రోజు, సాయంత్రం

పై కాగితం చించి పారేద్దామనుకున్నాను. స్టాంపు అంటించేశాను కాబట్టి దీంతో పాటే వస్తుంది.

ఇవాళ క్రెష్ నుంచి వచ్చేటప్పుడు సందు చివర కారు ఆపి, ఇంజను కట్టేసి, వెనక తలుపు తీసుకుని దాని పక్కన కూర్చున్నాను. చెవి మిషను పెద్దగా పెట్టుకున్నాను. ఒక ముసలావిడ గొడుగు వేసుకుని పోతోంది. మన బుడంకాయ చెయ్యెత్తింది. "టాటా!" అంది. ఆవిడ చూసే దాకా ఊరుకోలేదు. నేను పక్కనే కూర్చున్నా నా వంక ఒక్కసారి చూస్తే ఒట్టు.

మొదట చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. మీ మీద వేసుకుందామంటే మీరు బ్రేకు గురించి రాసిన వాక్యం అడ్డొచ్చింది. ఆ వాక్యం కోసం నేను కొలువంతా ఎదురు చూశాను. ఇప్పుడు రాస్తావా దుర్మార్గుడా.

తర్వాత అలాగే కూర్చుని దానితో పాటు వెనకద్దంలోంచి చూశాను. ఒరే, ఎన్నేళ్ళయిందిరా అలా చూసి. గార్డు పెట్టెలోంచి చూస్తే, మొదట చక్రాల కింద పడేంత దగ్గరగా కనబడినవి మెల్లగా చిన్నవైపోతూ, మలుపు దాకా మనతోనే ఉంటాయి. నీకు ముందు నుంచి వచ్చింది ఒక్క క్షణంలో నీ పక్కనుంచి పోయేది. నాకు మాత్రం ప్రతిదీ చాలాసేపు కనబడేది. పొలంలో పనిచేసేవాళ్ళు నీ కూత వినగానే తలెత్తేవాళ్ళు, వాళ్ళు చెయ్యి ఊపేసరికి నువ్వు దాటిపోయేవాడివి. ఆ ఊపిందంతా అందుకున్నది నేనే. తిరిగి జెండా ఊపిందీ నేనే. ఇన్నేళ్ళూ దాన్ని చిన్న ఉద్యోగమనుకుని తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి నా ట్రంకు పెట్టె వెతికి, పాత ఆకుపచ్చ జెండాలోంచి జేబురుమాలంత ముక్క కత్తిరించి అంచు కుట్టాను. కోడలు చూసి, "ఏంటి మామయ్యా అది?" అంది. "గార్డమ్మకి" అన్నాను. ఇక నుంచి అదే దాని పేరు. మీ ఇంజనమ్మని మీరే ఉంచుకోండి.

అది జెండాని నోట్లో పెట్టుకుంటోంది. నేర్పుతాను.

గార్డు


వీధి వైపు గది,
ఆదివారం

ఒరే డ్రైవరూ,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఆ నూనెలు మానేసి డాక్టరు చెప్పినట్టు నడు.

పెద్ద వార్త ఉంది. ఈ ఉత్తరం చేరేసరికి నీ కూతురు ఫోను చేసేసి ఉంటుంది కానీ, అసలు సంగతి ఆమెకి తెలియదు.

ప్రతి ఆదివారం వేళ్ళు పెట్టి చూస్తున్నానని నీకు తెలుసు కదా. నాలుగు వేళ్ళు మూడయ్యాయి. మూడు దగ్గర చాలాకాలం ఆగింది. మూడో పుట్టినరోజు వచ్చి వెళ్ళినా రెండు వేళ్ళు సుఖంగానే పట్టాయి. ఎదురింటి ఆడిటరు రోజూ అడిగేవాడు, "ఇంకా వెనక్కేనా అండీ?" అని. "మీ వయసొచ్చాక తిప్పుతాం" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఈమధ్య రెండో వేలు పట్టనప్పుడు కాస్త అటూ ఇటూ సర్ది పట్టిందనిపించాను. ఎందుకో నువ్వు ఊహించుకో.

ఇవాళ కోడలు తనే పిలిచింది. "మామయ్యా, నా ఎదురుగా పెట్టండి వేళ్ళు." ఒకటే పట్టింది. "మీరే తిప్పండి" అంది. తాళాలు నా చేతిలో పెట్టింది. మావాడు మొక్కలకి నీళ్ళు పోయకుండా నిలబడి చూశాడు. తిప్పాను, బెల్టు దూర్చాను, లాగాను, ఇంకా లాగాను. కోడలు రెండు చేతులతో ఊపి చూసింది. రాయి.

తర్వాత నేనూ గార్డమ్మా ఇద్దరమే ఒక చుట్టు తిరిగొచ్చాం. అదీ అసలు సంగతి.

నేను తల దువ్వుకున్నాను. నవ్వకు. నిటారుగా కూర్చుని, గేరు మార్చేటప్పుడు కాస్త ఠీవిగా మార్చాను. ఇన్నేళ్ళ తర్వాత నా బండిలో ప్రయాణికురాలు నా వైపు చూస్తోంది. అద్దంలో చూస్తే కళ్ళు ఇంత చేసుకుని చూస్తోంది. వీధి చివరిదాకా అలాగే చూసింది. తర్వాత పిలిచింది. మిషను పెద్దగానే పెట్టుకున్నాను, పొరపాటు లేదు. "త" అక్షరమే.

"తాతా!"

"ఏంటమ్మా?"

"నీ తలకి వెనకాల జుట్టు లేదు."

ఇందుకేనా నేను ఇంత పోరాడింది. నీ తల ఎక్కడికీ పోదని రాశావు చూడు, దాని మీద ఉన్నది పోయింది.

మలుపు తిరిగాం. అది మెడ సాచి వెనక్కి చూడబోయింది. సీటు వీపు అడ్డం. చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఉంది. అటూ ఇటూ చూసి నన్నే నిలదీసింది.

"తాతా, వెనకాల వాళ్ళకి టాటా ఎవరు చెప్తారు?"

ఏం చెప్పనురా? సిగ్నలు దీపం దగ్గర ఆగాక, "నేను అద్దంలో చూస్తాను కదా, నేనే చెప్తానులేమ్మా" అన్నాను. "అయితే ఇది తీస్కో" అని గుడ్డ నా భుజం మీదకి విసిరింది.

ఛార్జి అప్పగించిందన్నమాట. తీసుకోక తప్పుతుందా? దీపం మారి బండి కదిలాక అద్దంలో చూశాను. వెనక ఒక టాక్సీ. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆకుపచ్చ గుడ్డ నిదానంగా, పద్ధతిగా, అలవాటైన తీరులో ఊపాను. వెనక సీట్లోంచి "టాటా!" అని కేక.

ఆ టాక్సీవాడు నేను దారి ఇచ్చాననుకుని, హారన్ కొట్టి, నన్ను దాటుకుని ముందుకి దూసుకుపోయాడు. తిరిగి చూడను కూడా లేదు.

మీ డ్రైవర్లంతా ఒకటేరా.

నీ గార్డు